ఫోన్ పక్కన నోటు పుస్తకం: వెబ్‌సైట్ కోసం వరుస వ్యాసాలు రాసే పద్ధతి

బుచ్చిరెడ్డిపాలెంలో మాకు బియ్యం కొట్టు ఉంది. మా మామయ్య 40 ఏళ్ళ నుంచి నడుపుతున్నారు. నెల్లూరు టౌనుకీ, హైదరాబాదులోనూ బెంగళూరులోనూ స్థిరపడ్డ మన జిల్లా వాళ్ళకీ లారీ పార్శిల్‌లో బస్తాలు పంపుతుంటాం. కొట్టుకి వెబ్‌సైట్ పెట్టినప్పుడు అందులో రకాల పేర్లు, బస్తా ధర, ఫోన్ నంబరు ఉండేవి. ఏడాది గడిచినా దానివల్ల ఒక్క ఫోను రాలేదు. ఆ తర్వాత ఒకదానితో ఒకటి ముడిపడిన ఏడు వ్యాసాలు రాసి అందులో పెట్టాను. ఇప్పుడు కొత్తగా ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది "మీ సైట్‌లో చదివి చేస్తున్నామండీ" అంటారు. పచ్చళ్ళు అమ్మేవాళ్ళయినా, చీరలు నేయించేవాళ్ళయినా, ట్యూషన్ సెంటరు నడిపేవాళ్ళయినా ఇట్లాగే రాసుకోవచ్చు. నేను ఎట్లా చేశానో అట్లాగే చెబుతాను.

ముందు ప్రశ్నలు పోగుచెయ్యండి

కొట్టులో ఫోన్ పక్కన 100 పేజీల నోటు పుస్తకం ఒకటి పెట్టాను. ఫోన్లో గానీ తక్కెడ దగ్గర గానీ ఎవరు ఏమడిగినా, వాళ్ళన్న మాటల్లోనే రాసిపెట్టమని మామయ్యకీ గుమాస్తాకీ చెప్పాను. "ఏంది అమ్మాయ్, రోజూ అడిగేదే గదా, రాసేదేముంది?" అన్నారు మామయ్య. రోజూ అడుగుతున్నారు కాబట్టే రాయాలి మామయ్యా అన్నాను. రెండు నెలలు రాశాం. అందులో కొన్ని:

"25 కిలోల బస్తా లేదా? ఈ 26 ఏంది?"
"పోయినసారి పంపినవి ముద్దయిపోతున్నాయి. పాత బియ్యం ఉంటేనే పంపండి."
"పుట్టి వడ్లు ఆడిస్తే బియ్యం ఎన్ని కిలోలు వస్తాయి?"
"షుగర్ ఫ్రీ బియ్యం ఉన్నాయా?"
"డబ్బాలో పురుగు పడుతోంది, ఏం కలపాలి?"
"బీపీటీకీ నెల్లూరు మసూరికీ తేడా ఏంది?"

వాళ్ళ మాటల్లోనే రాయాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. నా అంతట నేను రాస్తే "నిల్వ చేసిన బియ్యం" అని రాసేదాన్ని. కొనేవాళ్ళెవరూ ఆ మాట అనరు. "పాత బియ్యం" అంటారు, కొందరు "మాగిన బియ్యం" అంటారు. ఫోన్‌లో మనల్ని అడిగిన మాటే గూగుల్‌ని కూడా అడుగుతారు. శీర్షికలో ఆ మాట లేకపోతే వ్యాసం ఎంత బాగున్నా వాళ్ళ కంటపడదు.

రెండు నెలలయ్యాక పుస్తకం ముందేసుకుని ఒకే అర్థం వచ్చే ప్రశ్నలన్నిటినీ ఒక రంగు పెన్నుతో గుర్తుపెట్టాను. "అన్నం ముద్దవుతోంది", "పాతవి పంపండి", "నీళ్ళు ఎన్ని పోయాలి" ఈ మూడూ ఒకే ప్రశ్న. ఇట్లా కలుపుకుంటూ పోతే ఏడు తేలాయి. ఎన్ని వ్యాసాలు రాయాలో ముందే లెక్క పెట్టుకోవద్దు. పది రాయాలని కూర్చుంటే ఏడింట్లో సరుకు ఉంటుంది, మూడింట్లో నీళ్ళు ఉంటాయి. జవాబు నాలుగు వాక్యాల్లో అయిపోతే అది వ్యాసం కాదు, ఇంకో వ్యాసంలో ఒక పేరా. "నూకలు అమ్ముతారా" అన్న ప్రశ్నని నేను అట్లాగే పుట్టి లెక్క రాసిన వ్యాసంలో కలిపేశాను. ఒకే ప్రశ్నకి రెండు వ్యాసాలు రాస్తే అవి గూగుల్‌లో ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఏది చూపించాలో తేలక ఒక్కోసారి రెండూ కిందికి పోతాయి.

ఒక వ్యాసం ఎట్లా తయారైంది

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న పాత బియ్యం గురించి. దానితోనే మొదలుపెట్టాను. నేను మొదట రాసిన పేరా ఇది: "తెలుగువారి ఆహారంలో వరి అన్నానికి విశిష్ట స్థానం ఉంది. అనాదిగా మన పూర్వీకులు..." రాసి చదువుకుంటే, అన్నం ముద్దయిందని బాధపడుతూ ఫోన్ చేసిన ఆవిడకి ఇందులో ఒక్క ముక్క కూడా పనికిరాదని అర్థమైంది. మొత్తం కొట్టేశాను.

మర్నాడు మా అత్తయ్యని అడిగి వంటింట్లో చేసి చూశాం. ఒకే రకం బియ్యం, ఒకటి పోయిన ఏడాది వడ్లు ఆడించినవి, ఇంకొకటి కోత కోసి నెల కూడా కాని వడ్లవి. అదే గ్లాసు, అదే కుక్కరు. రెండింటికీ గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు. దించాక రెండు స్టీలు పళ్ళేల్లో కిటికీ దగ్గర పెట్టాం. పాతవి పొడిపొడిగా రాలాయి, అత్తయ్య ఇంకో పావు గ్లాసు పట్టేది అన్నారు. కొత్తవి గరిటెకి అతుక్కున్నాయి. అత్తయ్య ఒక మెతుకు వేళ్ళ మధ్య నొక్కి చూపించారు, లోపల ఉడికి బయట జిగురుగా ఉంది. ఆ రెండు పళ్ళేలూ ఫోన్‌తో ఫొటో తీశాను. మూడోసారి కొత్త బియ్యానికి ఒకటీ ముప్పావు గ్లాసు పోసి వండితే సరిపోయింది.

వ్యాసం మొదటి పేరా ఇప్పుడు ఇట్లా ఉంది: "కొత్త బియ్యం ఒక గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తే అన్నం ముద్దవుతుంది. ఒకటీ ముప్పావు పోసి చూడండి. అదే పాత బియ్యమయితే రెండుంపావు దాకా తాగుతాయి." కారణం ఆ తర్వాత. నిల్వ ఉన్నకొద్దీ గింజ గట్టిపడి నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటుంది, ఉడికేటప్పుడు పిండి తక్కువ బయటికి వస్తుంది, అందుకే మెతుకు అంటుకోదు. జవాబు ముందు, కారణం తర్వాత, మన సరుకు సంగతి చివర్లో ఒక్క వాక్యం. ఏడు వ్యాసాలకీ ఇదే వరస పాటించాను. ఫొటో పెట్టినప్పుడు దానికి ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి ఉంటుంది. "ఎడమ పళ్ళెంలో పాత బియ్యం అన్నం, కుడి పళ్ళెంలో కొత్త బియ్యం అన్నం" అని అక్కడ రాయండి. చూపు లేనివాళ్ళకి ఫోన్ అది చదివి వినిపిస్తుంది, ఫొటోలో ఏముందో గూగుల్‌కీ తెలుస్తుంది.

తెలిసిన లెక్క ఉంటే లెక్క రాయండి. మన నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోల వడ్లు. ప్రభుత్వం మిల్లర్లకి కట్టిన లెక్కన 100 కిలోల వడ్లకి 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలి. ఆ లెక్కన పుట్టికి సుమారు 570 కిలోలు. వడ్లలో తేమని బట్టీ, మరని బట్టీ అది తగ్గుతుందనీ, మిగతాది తవుడు, ఊక కింద పోతుందనీ రాశాను. వ్యాసం పెట్టిన నెలకి వేరే జిల్లా నుంచి ఒకాయన ఫోన్ చేసి "మా వైపు పుట్టి లెక్క వేరమ్మా" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, ఆ కొలత ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అదే రోజు మొదటి వాక్యంలో "నెల్లూరు జిల్లాలో" అని చేర్చాను.

26 కిలోల బస్తా వ్యాసం చిన్నది. 2022 జూలై 18 నుంచి, లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం బస్తా 25 కిలోల దాకా ఉంటే దాని మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 దాటితే లేదు. అందుకని మార్కెట్లోకి 26 కిలోల బస్తా వచ్చింది. ఇది దాచాల్సిన విషయమేమీ కాదు, అడిగినవాళ్ళకి చెబితే "ఓహో" అని ఊరుకుంటారు. చెప్పకపోతే తూకంలో ఏదో మోసం ఉందనుకుంటారు. ఎక్కువమంది చదివినవాటిలో ఇదొకటి.

షుగర్ ఫ్రీ ప్రశ్న దగ్గర మామయ్యకీ నాకూ పెద్ద చర్చే జరిగింది. ఆ పేరుతో పెడితే బస్తాలు పోతాయి. కానీ బియ్యంలో ఉండేదే ముఖ్యంగా పిండిపదార్థం, అది ఒంట్లో చక్కెరగానే మారుతుంది. కొన్ని రకాల్లో అది నెమ్మదిగా మారవచ్చు గానీ షుగర్ లేని బియ్యం అంటూ ఉండవు. అదే రాశాను, ఎంత తినాలో డాక్టరుని అడగమన్నాను. పురుగు వ్యాసంలోనూ అంతే. చాలా ఇళ్ళల్లో బోరిక్ పౌడర్ కలుపుతారు, అది కడుపులోకి పోతే విషం. కలపవద్దనీ, బియ్యం ఎండలో కాకుండా నీడన ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి, మూత బిగించమనీ రాశాను. మన సైట్‌ని నమ్మి ఒక తల్లి తన పిల్లల అన్నంలో ఏం కలపాలో నిర్ణయించుకుంటుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని రాయాలి.

ఏ వ్యాసానికి ఆ వ్యాసం నిలబడాలి

వరుస అనగానే "భాగం 1, భాగం 2" అని పేర్లు పెట్టాలనిపిస్తుంది. వద్దు. గూగుల్ నుంచి వచ్చేవాళ్ళు నాలుగో వ్యాసంలోకి నేరుగా దిగుతారు. "గత భాగంలో చెప్పుకున్నట్టు" అని రాస్తే వాళ్ళకి ఏమీ తెలియదు. అవసరమైన ముక్క రెండు వాక్యాల్లో మళ్ళీ చెప్పి, పూర్తి సంగతికి లింకు ఇవ్వండి. శీర్షికలో నంబరు బదులు ప్రశ్నే ఉండాలి: "పాత బియ్యానికి నీళ్ళు ఎన్ని పోయాలి?" "నెల్లూరు మసూరి, బీపీటీ 5204: తేడా ఏమిటి?"

ఆ రెండో వ్యాసం సంగతి ఒకటి చెప్పాలి. ఎన్‌ఎల్‌ఆర్ 34449 మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానంలోనే పుట్టింది, నెల్లూరు మసూరి అంటే అదే. బీపీటీ 5204, సాంబ మసూరి, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అది సుమారు అయిదు నెలల పంట, మనది నాలుగు నెలల పైచిలుకు. ఇవి రాస్తున్నప్పుడు మామయ్య పక్కన కూర్చుని మొలగొలుకులు అనే పాత వరి రకం గురించి గంటసేపు చెప్పారు. ఆ అన్నం వాసన, ఆ గింజ నిగారింపు, ఇప్పుడా వడ్లు చూద్దామన్నా అరుదైపోయిన సంగతీ. అది ప్రశ్నల్లో లేదు. అయినా ఒక పేరా రాశాను, ఆయన మాటల్లోనే. ఊరి నుంచి వెళ్ళిపోయిన పెద్దవాళ్ళు ఆ పేరా చదివి ఫోన్ చేసి ఆయనతోనే మాట్లాడతామంటారు.

ఇక ముడి వెయ్యడం. ఏడు వ్యాసాలకీ కలిపి ఒక ముఖ్య పేజీ పెట్టాను, "నెల్లూరు బియ్యం కొనేముందు" అని. అందులో ఒక్కో ప్రశ్నకి రెండు వాక్యాల జవాబు, కింద పూర్తి వ్యాసానికి లింకు. ప్రతి వ్యాసం నుంచీ ఆ పేజీకి ఒక లింకు, దగ్గరి సంబంధం ఉన్న మరో రెండు వ్యాసాలకి లింకులు. అన్నిటి నుంచీ అన్నిటికీ ఇస్తే చదివేవాళ్ళకి చికాకు. పురుగు వ్యాసం చదివేవాళ్ళకి పాత బియ్యం సంగతి కావాలి గానీ జీఎస్టీ అక్కర్లేదు. లింకు మీద "ఇక్కడ నొక్కండి" అని రాయకండి. "కొత్త బియ్యం ఎందుకు ముద్దవుతాయి" అని రాస్తే అవతల ఏముందో మనిషికీ తెలుస్తుంది, గూగుల్‌కీ తెలుస్తుంది. గూగుల్ కొత్త పేజీలని ఎక్కువగా కనిపెట్టేది లింకుల వెంట నడుచుకుంటూనే. ఎక్కడి నుంచీ లింకు లేని పేజీ ఊరి బయట ఒంటరిగా ఉన్న ఇల్లు లాంటిది, దారి లేదు.

అందరూ మర్చిపోయే పని ఒకటుంది. ఆరో వ్యాసం పెట్టినప్పుడు అందులోంచి పాతవాటికి లింకులు ఇస్తాం. పాతవాటిలోంచి ఆరోదానికి ఇవ్వం. కొత్తది పెట్టిన రోజే పాతవి తెరిచి, సరైన వాక్యం చూసుకుని, అక్కడ లింకు కట్టండి. అరగంట పని.

పేజీ అడ్రసు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నదిగా పెట్టుకోండి. తెలుగులో పెడితే బ్రౌజర్‌లో ముచ్చటగానే కనిపిస్తుంది, కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టేసరికి చాలాసార్లు ఒక్కో తెలుగు అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ శాతం గుర్తులూ అంకెలూ కలిసిన తొమ్మిది గుర్తులుగా మారిపోతుంది. "పాత బియ్యం" అన్న చిన్న మాటే మూడు వరసలు పట్టింది. చూసినవాళ్ళు వైరస్ లింకేమోనని భయపడి నొక్కరు. ఒకసారి పెట్టిన అడ్రసుని మాత్రం ఊరికే మార్చకండి. తప్పనిసరై మారిస్తే రీడైరెక్ట్ పెట్టాలి, అంటే పాత అడ్రసు నొక్కినవాళ్ళని కొత్తదానికి పంపే ఏర్పాటు.

డబ్బు పోగొట్టుకున్న సంగతి

ఈ పద్ధతి పట్టుకోకముందు ఒక తప్పు చేశాను. వెబ్‌సైట్‌కి ప్రచారం చేసిపెడతామన్న ఒకరికి 12,000 రూపాయలు ఇచ్చాను. వాళ్ళు ఒకే వ్యాసాన్ని అటూ ఇటూ మాటలు మార్చి 30 చోట్ల పెట్టారు, ప్రతిదాని కిందా మా సైట్ లింకు. చదివితే అది బియ్యం గురించో సిమెంటు గురించో తెలియదు. ఒకప్పుడు ఆ పద్ధతి నడిచింది గానీ, 2011 ఫిబ్రవరిలో పాండా అన్న మార్పుతో గూగుల్ అట్లాంటి సైట్లని కిందికి నెట్టేసింది. 2024 మార్చిలో ఇంకా గట్టి నియమం పెట్టారు: ర్యాంకు కోసం పనికిరాని పేజీలు కుప్పలుగా తయారు చేస్తే, మనిషి రాసినా మెషీన్ రాసినా, అది స్పామే. మీకెవరైనా "నెలకి 50 వ్యాసాలు" అని చెబితే ఒప్పుకోకండి. ఆ డబ్బుతో మంచి ఫొటోలు తీయించుకోండి.

ఎప్పుడు పెట్టాలి, ఎవరికి పంపాలి

మూడు వ్యాసాలు పూర్తిగా సిద్ధమయ్యాకే మొదటిది పెట్టాను. తర్వాత రెండు వారాలకొకటి. ఒకటి పెట్టి రెండోదానికి నెల రోజులు టెన్షన్ పడే బాధ ఉండదు. గూగుల్‌లో పైకి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి పంట చూసుకుని ముందుగా పెట్టాలి. మాకు సోమశిల నీళ్ళతో పండే పెద్ద పంట మార్చి, ఏప్రిల్‌లో కొట్టుకి వస్తుంది. కొత్త బియ్యం ముద్దవుతున్నాయన్న ఫోన్లు అప్పుడే మొదలవుతాయి. అందుకే ఆ వ్యాసం జనవరికల్లా సైట్‌లో ఉండాలి. ఎడగారు (పెద్ద పంట తర్వాత వేసే రెండో పంట) వచ్చేముందు మళ్ళీ ఒకసారి చూసి, మారినవి దిద్దుతాను. ధరలు మాత్రం ఏ వ్యాసంలోనూ రాయను. అవి విడిగా ఒక పేజీలో, పైన తేదీతో ఉంటాయి.

పంచడానికి వాట్సాప్ చాలు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, అయితే మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి" అని అడుగుతాం. ఒట్టి లింకు పంపకుండా, జవాబు రెండు వాక్యాల్లో చెప్పి కింద లింకు పెడతాను. అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం ఇది: ఎవరైనా ఫోన్‌లో ప్రశ్న అడిగితే ముందు నోటితో జవాబు చెప్పి, "వివరంగా పంపిస్తానండీ" అని ఆ వ్యాసం వాళ్ళొక్కరికే పంపడం. వాళ్ళు దాన్ని చెల్లెలికి పంపుతారు, ఆవిడ ఆఫీసులో ఇంకొకరికి పంపుతుంది.

సెర్చ్ కన్సోల్ అని గూగుల్ వాళ్ళది ఉచితంగా ఉంటుంది, తప్పకుండా పెట్టుకోండి. జనం ఏ మాటలు వెతికితే మన పేజీ కనబడిందో, ఎంతమంది నొక్కారో 16 నెలల దాకా చూపిస్తుంది. నెలకొకసారి మా నోటు పుస్తకాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. చాలాసార్లు కనబడి ఎవరూ నొక్కని పేజీ ఉంటే శీర్షిక మారుస్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి వెతికేవాళ్ళు చాలామంది ఉన్నారని అక్కడే తెలిసింది. మనం రాయని ప్రశ్నకి మన పేజీ కనబడుతుంటే అదే తర్వాతి వ్యాసం.

ఎనిమిదోది అట్లాగే దొరికింది. "వడ్లు ఎన్ని నెలలు ఆపి ఆడించాలి" అని వెతుకుతున్నారు. పుస్తకంలో చూస్తే మా గుమాస్తా అదే ప్రశ్న నాలుగుసార్లు రాసిపెట్టాడు. ఒకే చేలో వడ్లు మూడు గోతాల్లో పోసి, కోత తేదీ చీటీ కట్టి అత్తయ్య గదిలో మూలన పెట్టాం. మూడు నెలల గోతాం ఈ ఆదివారం ఆడిస్తాం. ఆరు నెలలది, తొమ్మిది నెలలది అయ్యాక గానీ ఆ వ్యాసం సైట్‌లోకి రాదు.